మిగిలిన వీసం

మన పెద్దవాళ్ళు అలవోకగా వాడిన మంచి మాట ఒకటి క్రమంగా మరుగున పడిపోతున్నది. అది ‘ముప్పాతిక మువ్వీసం’. పాతిక అంటే నాలుగో వంతు, వీసం అంటే పదహారో వంతు. మూడు పాతికలకు మూడు వీసాలు కలిపితే పదహారింట పదిహేను వంతులవుతుంది. దాదాపు అంతా అన్నమాట. కానీ అంతా కాదు. “పని ముప్పాతిక మువ్వీసం అయినట్లే” అని ఎవరైనా అన్నారంటే, మిగిలిపోయిన ఆ ఒక్క వీసాన్ని వారు దాచిపెట్టడం లేదని అర్థం. నాకు ఈ మాటలో నచ్చేది ఆ నిజాయితీయే.

నేను ముప్పాతిక మువ్వీసం శాకాహారిని. నెలకు అరవై పూటల భోజనమనుకొంటే అందులో వీసం నాలుగు పూటలకు కాస్త తక్కువ. నా లెక్క సాధారణంగా రెండు పూటలు దాటదు. మూడైతే అది పెళ్ళిళ్ళ నెలో, ఊరికి వెళ్ళిన నెలో అయి ఉంటుంది. పాలూ పెరుగూ మామూలే. గుడ్డును మాత్రం ఆ వీసంలోనే జమ కట్టుకొంటాను. మాంసాహారుల ఇంట పుట్టి పెరిగినవాణ్ణి. ఎవరి బోధనా వినకుండానే, ఎవరి దీక్షా పుచ్చుకోకుండానే, కొన్నేళ్ళుగా ఇలా తింటున్నాను. ఈ తిండిని సమర్థించుకోవలసిన అవసరం రెండు వైపుల నుంచీ వస్తూంటుంది. ఒకరు “ఇంకా పూర్తిగా మానలేదా?” అంటారు. మరొకరు “ఆ మాత్రం దానికి మానడమెందుకు?” అంటారు. ఇద్దరికీ కలిపి ఒకేసారి జవాబు చెప్పుకొందామని ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఆంగ్లంలో దీనికి ‘ఫ్లెక్సిటేరియన్’ అని ఒక పేరుంది. అమెరికన్ మాండలిక సమాఖ్య దానిని 2003వ ఏటి మిక్కిలి ఉపయోగకరమైన మాటగా ఎన్నుకొంది. మనవాళ్ళెవరైనా దీన్ని తెనిగిస్తే ‘సడలు శాకాహారి’ అనో ‘నమ్యశాకాహారి’ అనో అంటారేమో! మొదటిదానిలో నడుం వదులైన ధ్వని ఉంది; రెండోది ఏదో కొత్త రోగం పేరులా ఉంది. మనకు ముప్పాతిక మువ్వీసం ఉండగా వేరే మాట ఎందుకు? అసలు మనకు దీనికి ప్రత్యేకంగా పేరు లేకపోవడానికి కారణం వేరే ఉందని నా అనుమానం. అందరూ చేసే పనికి ఎవరూ పేరు పెట్టుకోరు.

మాంసం తినే తెలుగు ఇంటి కేలెండరును ఒకసారి తిరగేయండి. సోమవారం శివుడిది, శనివారం వేంకటేశ్వరుడిది. కొన్ని ఇళ్ళలో గురువారం సాయిబాబాది, శుక్రవారం అమ్మవారిది. ఏకాదశులు సరేసరి. శ్రావణమాసంలో సగం ఇళ్ళు, కార్తికంలో ముప్పాతిక ఇళ్ళు నీచు ముట్టవు. కార్తికమాసంలో కోడి ధర పడిపోవడం ఏటా జరిగే తంతే. ఇంట్లో ఒకరు అయ్యప్ప మాల వేసుకొంటే మండలం రోజులు, అంటే నలభై ఒక్క రోజులు, ఇల్లంతా శాకాహారమే. అదే ఇంట్లో కనుమ నాడో, తెలంగాణలోనైతే దసరా నాడో, మాంసం వండకపోతే పండుగ చేసినట్లే కాదు. ఇన్ని మినహాయింపులు, ఇన్ని మినహాయింపులకు మినహాయింపులు! వీటిలో ఎవరికీ వైరుధ్యం కనబడలేదు. మానడానికి ఒక రోజున్నట్లే తినడానికీ ఒక రోజుంది.

గిన్నెలోకి తొంగి చూసినా ఇదే కథ. గోంగూర మాంసం, దోసకాయ మాంసం, చింతచిగురూ మెత్తళ్ళూ, సొరకాయా ఎండు రొయ్యలూ. ఈ పేర్లన్నింటిలోనూ కూరగాయ ముందు, నీచు వెనుక. అది ఊరికే వచ్చిన క్రమం కాదు. పావుకిలో మాంసంతో పదిమంది ఉన్న ఇంటికి కూర వండవలసి వచ్చిన గృహిణి కనిపెట్టిన క్రమం. గుప్పెడు ఎండు రొయ్యలు వేస్తే గిన్నెడు సొరకాయకు రుచి వస్తుంది. అక్కడ మాంసం ఆహారం కాదు. దాదాపుగా ఒక సంభారం. ఈ క్రమం తలక్రిందులైంది ఎక్కువగా మన కళ్ళ ముందే. 1971లో హైదరాబాదులో బి.వి. రావు గారు వేంకటేశ్వర హేచరీస్ స్థాపించిన తరువాత కోళ్ళ పెంపకం మన ప్రాంతంలో పెద్ద పరిశ్రమగా ఎదిగింది. ఆదివారపు కోడి ఏ వారపు కోడైనా అయింది. పండుగకు కోసే నాటుకోడి పోయి, ఫోన్ చేస్తే అరగంటలో ఇంటికొచ్చే వేపుడు ముక్క వచ్చింది. అందుకని నేను కొత్తగా మానినదేమీ లేదు. కొత్తగా వచ్చినదాన్ని వద్దనుకొన్నాను, అంతే.

2014 నాటి ప్రభుత్వ సర్వేలో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 15 ఏళ్ళు నిండినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులని తేలింది. దేశం మొత్తం మీద అది 71 శాతం. ఈ అంకె వెలువడినప్పుడు కొందరు మీసం మెలేశారు, కొందరు ముక్కు మీద వేలేసుకొన్నారు. అయితే ఆ 98లో రోజూ తినేవారూ ఉన్నారు, ఏడాదికి నాలుగుసార్లు తినేవారూ ఉన్నారు. నేనూ ఉన్నాను. తింటావా తినవా అన్న ప్రశ్నకు జవాబది. ఎంత, ఎప్పుడు, ఎవరి చేత అన్నవి వేరే ప్రశ్నలు. తిండి గురించి తెలుసుకోవలసినదంతా ఈ రెండో రకం ప్రశ్నల్లోనే ఉంది.

ఇక నాలుక సంగతికి వస్తాను. ఎంత నియమంగా తినేవాడికైనా ఏదో ఒక సాయంత్రం మనసు ఒక వంటకం మీదకు పోతుంది. వాన పడుతుంది, జ్వరం తగ్గి నోరు చప్పబడి ఉంటుంది, లేదా ఏ కారణమూ లేకుండా దిగులుగా ఉంటుంది. ఆంగ్లంలో ‘కంఫర్ట్ ఫుడ్’ అంటారే, అది అడుగుతుంది ప్రాణం. దీనిని ‘సాంత్వనాహారం’ అంటే ఆయుర్వేద దుకాణం గుర్తుకొస్తుంది కాబట్టి ‘ఊరట తిండి’ అందాం. చాలామందికి అది ముద్దపప్పూ ఆవకాయా, లేదా చారన్నం. అటువంటివారిని ఎవరూ ఏమీ అనరు. నాలాంటి వాడికి అది చారన్నంలోకి నిప్పుల మీద కాల్చిన ఎండుచేప అయినప్పుడే చిక్కు. అదే కోరిక, అదే దిగులు, అదే వాన. ఒకరిది ముచ్చట, ఇంకొకరిది చాపల్యం!

ఒంట్లో ఏదో లోపిస్తేనే దాని మీద కోరిక పుడుతుందని ఒక వాదముంది. నేను దానిని అంతగా నమ్మను. అదే నిజమైతే ఇనుము తగ్గినవాడికి తోటకూర మీద మనసు పోవాలి కదా, మిరపకాయ బజ్జీల మీదకు పోతుందెందుకు? కోరిక ఒంటిది కాదు, జ్ఞాపకానిది. అందుకని దాన్ని వెంటనే తీర్చనూ కూడదు, గదమాయించనూ కూడదు, కూర్చోబెట్టి అడగాలి. నాకు చేపల పులుసు మీద మనసు పోయినప్పుడల్లా అడిగి చూశాను. మూడుసార్లలో రెండుసార్లు అది అడుగుతున్నది చేపను కాదు, పులుసును. చిక్కటి చింతపండు రసం, వేయించి దంచిన మెంతుల చేదు, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి, పైన తేలే నూనె, అన్నిటికీ మించి మరునాటి ఉదయం చద్దన్నంలోకి ఆ పులుసుకు వచ్చే రుచి. అవన్నీ బెండకాయతోనూ వస్తాయి, లేత వంకాయతోనూ వస్తాయి. ఆ రెండుసార్లూ కోరిక తృప్తిగానే లేచి వెళ్ళిపోయింది.

మూడోసారి అలా వెళ్ళదు. ఆ మూడోసారి అడుగుతున్నది వంటకాన్ని కాదు, మనిషిని.

మా మేనత్త బందరు దగ్గర పల్లెటూళ్ళో ఉంటుంది. ఎనభైకి దగ్గర పడింది. వంకాయా ఎండు రొయ్యలూ కూరలో ఆవిడ తరువాతే ఎవరైనా. రొయ్యల తలా తోకా గిల్లి, ఉత్త మూకుట్లో వేయించి, పొట్టు చెరిగి, నీళ్ళలో కడిగి, అప్పుడు లేత వంకాయల్లో వేస్తుంది. నేను నీచు తగ్గించిన సంగతి ఆవిడ చెవిన పడేటప్పటికి ‘మానేశాడు’ అయింది. తరువాత నేను వెళ్ళినప్పుడు అడిగింది: “మానేశావటగా అబ్బాయ్! మరి నేను నీకేం పెట్టనురా?” పప్పు పెట్టు అత్తయ్యా అన్నాను. “పప్పు ఎవరైనా పెడతారు” అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆవిడకు ఆస్తి లేదు, చదువు లేదు, నాకు చెప్పడానికి కొత్త కబుర్లు కూడా లేవు. ఇవ్వడానికి ఆవిడ దగ్గర ఉన్నది ఆ కూర ఒక్కటే. దానిని మర్యాదగా కాదనడానికి నాకు హక్కుంది. కానీ ఆ హక్కును ఆవిడ మీద ఉపయోగించి నేను సాధించేదేమిటి? వండమన్నాను, తిన్నాను. గిన్నెడు వంకాయలో గుప్పెడు రొయ్యలు. ఇప్పుడావిడ చేతులు వణుకుతున్నాయి. ఏదో ఒకనాటికి కోరిక మిగిలి, తీర్చే చెయ్యి లేకుండా పోతుంది. ఆనాడు నా నియమం వచ్చి నన్ను ఓదార్చదు.

ఇంతవరకూ ఇంటి సంగతి. ఈ ‘దాదాపు’ వీధిలోకి వెళ్ళినప్పుడు ఏమవుతుందో కూడా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో అద్దె ఇల్లు వెతుకుతున్నప్పుడు ఒక ఇంటాయన అడిగారు, “మీరు వెజిటేరియన్సేనా?” అని. “దాదాపుగా” అన్నాను. “దాదాపుగా అంటే?” అన్నారు. నెలకు రెండు పూటలనీ, అదీ ఇంట్లో కాదనీ చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి నా ఇంటిపేరు అడిగారు. తరువాత ఇల్లు వేరేవాళ్ళకు మాట ఇచ్చేశామన్నారు. ‘అవును’ అని ఒక్క మాట అని ఉంటే ఇంటిపేరు దాకా వచ్చేది కాదేమో. ఆయన అడిగింది నా పళ్ళెం గురించి కాదని ఇంటిపేరు అడిగాక గానీ నాకర్థం కాలేదు.

మనలో ఉన్న అసలు తిరకాసు ఇదే. ‘శాకాహారి’ అన్న మాట మన దగ్గర తిండిని మాత్రమే చెప్పి ఊరుకోదు. పుట్టుకను కూడా చెప్పబోతుంది. హోటళ్ళ బోర్డుల మీద ‘శుద్ధ శాకాహారం’ అని చూస్తూంటాము. శుద్ధానికి తెలుగులో వ్యతిరేకపదమేమిటో, దాని వాడుక అర్థమేమిటో మీకు చెప్పనక్కరలేదు. ఎదుటివాడి అన్నానికి మనం పెట్టిన పేరు ‘నీచు’. ఆ మాట వ్యుత్పత్తి ఏదైనా కావచ్చు, చెవికి మాత్రం ఒకటే వినబడుతుంది. పొట్లం కట్టిన తినుబండారాల మీద శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు గుర్తు వేస్తున్నారు. పొట్లానికి అది అవసరమే, తినేవాడికి తెలియాలి. మనిషికి అటువంటి చుక్క పెట్టడంతోనే నాకు పేచీ. నేను మాంసం తగ్గించుకొన్నది ఆకుపచ్చ చుక్క కోసం కాదు. ఆ మిగిలిన వీసాన్ని బాహాటంగా ఉంచుకోవడానికి ఇదీ ఒక కారణం: నా తిండిని చూపి మా ఊరివాళ్ళ తిండిని ఎవరూ తక్కువ చేయకూడదు.

మరి తగ్గించుకొన్నది ఎందుకోసమంటారా? కిక్కిరిసిన షెడ్లలో కోళ్ళు పెరిగే తీరు నచ్చక కొంత, ఒంటి కోసం కొంత, లోకం కోసం కొంత. మనుషుల వల్ల వెలువడే హరితగృహ వాయువుల్లో పశుపోషణ వాటా 14.5 శాతమని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో లెక్క కట్టింది. 2023లో కొత్త పద్ధతిలో కట్టి 12 శాతమంది. ఏదైనా చిన్న అంకె కాదు. 2019లో ‘ఈట్-లాన్సెట్’ సంఘం మనిషికీ భూమికీ మేలు చేసే ఆహారమిదని ఒక పట్టిక వేసింది. అందులో రోజుకు సగటున ఎర్రమాంసం 14 గ్రాములు, కోడిమాంసం 29 గ్రాములు, చేప 28 గ్రాములు. బాగా గమనిస్తే అది మా అమ్మమ్మల నాటి గోంగూర మాంసం కొలతకు దూరమేమీ కాదు. ఈ కారణాలన్నిటికీ ఒక సామాన్య లక్షణముంది: ఇవి ఎంత తగ్గిస్తే అంత మేలు చేసేవి. సున్నాకు చేరితే తప్ప ఫలితమివ్వని కారణం వీటిలో ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తల వంచాలి. ప్రాణిని చంపడమే తప్పని నమ్మేవారికి నా వాదం పనికిరాదు. వారికి నెలకు రెండు పూటల హింస కూడా హింసే. ఆ నమ్మకానికి నేను నమస్కరిస్తాను, దానితో బేరమాడను. కానీ అటువంటి నమ్మకం ఎంత బరువైనదో గాంధీగారి ఆత్మకథ చదివితే తెలుస్తుంది. చిన్నతనంలో స్నేహితుడి ప్రోద్బలంతో మేకమాంసం తిన్నారు. లండనులో మొదట తల్లికిచ్చిన మాట కోసం శాకాహారిగా ఉన్నారు. హెన్రీ సాల్ట్ పుస్తకం చదివాక ఇష్టపూర్వకంగా శాకాహారి అయ్యారు. తరువాత పాలు కూడా మానేస్తానని వ్రతం పట్టారు. 1918లో జబ్బుచేసి ప్రాణం మీదకు వచ్చినప్పుడు, వ్రతం పట్టేటప్పుడు తన మనసులో ఉన్నవి ఆవూ గేదే కదా అని, కస్తూర్బా సలహాపై మేకపాలు పుచ్చుకొన్నారు. వ్రతంలోని అక్షరం మిగిలింది గానీ ఆత్మ పోయిందని ఆయన దాన్ని జీవితాంతం ముల్లులా మోశారు. అంతటి మనిషికే అలా అయింది. వ్రతం పట్టినవాడికి మినహాయింపు ముల్లే అవుతుంది. నేను వ్రతం పట్టలేదు. నాది నియమం. వ్రతానికి భంగముంటుంది, నియమానికి సందర్భముంటుంది.

“సందు ఇస్తే చాలు, రోజూ సందర్భమే అవుతుంది” అని మరో ఆక్షేపణ. నిజమే, జిహ్వ అటువంటిదే. అందుకే నా వీసానికి నాలుగు గట్లు వేసుకొన్నాను. మాంసం కొని తెచ్చుకోను. హోటల్లో అడగను. ఊసుపోకకు తినను. నాకు కావలసిన మనిషి తన చేత్తో వండి పెడితే తింటాను, అదీ కొంచెం. తిన్నది దాచను. ఈ గట్లలో అన్నిటికంటె గట్టిది చివరిదేనని అనుభవం మీద తెలిసింది. దాచనక్కరలేనివాడికి దొంగచాటు ఆకలి పుట్టదు. ఇన్నేళ్ళుగా రెండు పూటలు రెండుగానే ఉన్నాయి.

నేను చూసిన మరో సంగతి. మిత్రుల్లో కొందరు కొత్త సంవత్సరం నాడో, గురువుగారి మాట మీదో ఒక్కసారిగా అంతా మానేశారు. ఏ పెళ్ళిలోనో ఒక ముక్క తిన్నారు. “ఎలాగూ చెడింది కదా” అని మరునాటి నుంచి పాత పద్ధతికి పూర్తిగా వెళ్ళిపోయారు. వారిని చెడగొట్టింది ఆ ఒక్క ముక్క కాదు. ఒక్క ముక్కతో అంతా చెడుతుందన్న లెక్క. ఏడాదికి ఏడు వందల పూటలు చేసిన మంచి ఆ ఒక్క పూటకు కొట్టుకొనిపోతుందనడం ఏ చిట్టా పద్దులోనూ చెల్లదు.

ఊళ్ళో పెద్దవాళ్ళు మనిషిని మెచ్చుకోవాలంటే ‘పదహారణాల’ మనిషి అనేవారు. పదహారణాల శాకాహారులంటే నాకు గౌరవమే, వారిని అనుసరించగలవారు అనుసరించాలి. కానీ మనలో ఎక్కువమందిమి పదిహేనణాల వాళ్ళమే. ఆ మిగిలిన అణాలో మన అత్తయ్యలున్నారు, మన ఊళ్ళున్నాయి, ఒక వానాకాలపు సాయంత్రముంది. రూపాయికి అణా తక్కువైందని చేతిలోని పదిహేనణాలూ పారేసుకోవడం ఒక రకం అమాయకత్వం. ఆ అణా కూడా ఉందని బుకాయించి పదహారణాల బోర్డు తగిలించుకోవడం దానికంటె అన్యాయం. పదిహేనణాలున్నాయి, అణా లేదు అని తల ఎత్తుకొని చెప్పగలిగితే చాలు. మీ అణా ఎక్కడ మిగిలిపోయిందో, ఎవరి వంటింట్లో మిగిలిపోయిందో, మీరూ ఒకసారి లెక్క చూసుకోండి.